ఎనభై తర్వాత తొంభై ఏడు

నాచారం, 26-8-2006. ముసురు. రేకులు కారే చోట తారు పూశాను.

ప్రియమైన త్రివేణి,

నీ ఉత్తరంతో పాటు వచ్చిన కాగితం చూశాను. తొమ్మిదో తరగతి ఇంగ్లీషు మీడియం వద్దు, తెలుగు సెక్షన్‌కు మార్చమని నేను సంతకం పెట్టాలి. దసరా సెలవులకు ముందే కావాలన్నావు. కారణం రాయలేదు. రాయి. నేను ఏడు దాకే చదివాను. నా ఇంగ్లీషు ప్రెస్సులో అట్టలు చూసి నేర్చుకున్నది. కారణం తెలియకుండా సంతకం పెట్టను.

నీ బాపు,
దామోదర్

హాస్టల్, 1-9-2006

ప్రియమైన బాపూ,

కారణం మా నాన్-డిటైల్ నవల. విక్టోరియా రాణి కాలంది. సొంతంగా చదువుకొమ్మన్నారు. అందులో గడియారాలు బాగుచేసే ముసలాయన మంచులో పడి చనిపోతాడు. పూడ్చిపెడతారు. ఆ తర్వాత మనవరాలితో కూర్చుని చాయ తాగుతాడు. మూడుసార్లు చదివాను, అట్లాగే ఉంది. యూనిట్ టెస్టులో, ఆయన దయ్యమై వచ్చి చాయ తాగాడని రాశాను. అరుణకుమారి టీచర్ అది క్లాసులో చదివి, "ముసలాయన నీ కలలకొచ్చి తాగిండా తల్లీ?" అన్నది. ఇప్పుడు మెస్సులో సరిత, "దయ్యానికి ఇంకో చాయ పొయ్యిన్రి" అంటుంది.

మూడుసార్లు చదివినా అర్థం కాని భాష నాకెందుకు? సంతకం పెట్టు.

నీ బిడ్డ త్రివేణి

నాచారం, 5-9-2006. ఎండ. నీళ్ల డ్రమ్ము కడిగాను.

ప్రియమైన త్రివేణి,

కథ పక్కన పెట్టు. ముసలాయన చావుకు ముందు నుంచి పేజీల నంబర్లు మాత్రం చూసుకుంటూ రా. ఏ ఊరి ప్రెస్సో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ రాయి. అప్పటిదాకా కాగితం నా దగ్గరే ఉంటుంది.

బాపు

హాస్టల్, 9-9-2006

ప్రియమైన బాపూ,

ఎనభై తర్వాత తొంభై ఏడు ఉంది. నూట పన్నెండు దాకా పోయి మళ్లీ ఎనభై ఒకటి. అంటే చాయ ముందు, చావు తర్వాత. నంబర్లు ఎవరు చూస్తారు బాపూ? క్లాసులో అందరి పుస్తకాలు తీయించాను. నాదీ కలిపి పందొమ్మిది అట్లాగే ఉన్నాయి. మిగతావాళ్లంతా గైడులో జవాబులు బట్టీ పట్టారు. సరిత పుస్తకమైతే ఇంకా కొత్త వాసనే పోలేదు.

ప్రెస్సు నాచారందే. మీదేనా? టీచర్‌కు చెప్పలేదు. ఆ పని చేసినాయన ఉద్యోగం పోతుందేమో.

త్రివేణి

నాచారం, 13-9-2006. పొద్దున చిన్న వాన. రెండు జతల బట్టలు ఉతికాను.

ప్రియమైన త్రివేణి,

మా ప్రెస్సే. పదహారు పేజీల మడతను ఫారం అంటాం, ఎనభైతో ఐదో ఫారం అయిపోతుంది. ఫారాలను బల్ల మీద వరుసగా కుప్పలు పెట్టి, నడుస్తూ ఒక్కొక్కటి తీసి పేరుస్తాం. రెండు కుప్పలు తారుమారైతే ఆ పూట పుస్తకాలన్నీ తప్పే. ఆ కుప్పలు పెట్టింది నేనే.

సూపర్‌వైజర్ త్రిమూర్తులుకు చెప్పాను. "ఇంకెన్ని బడులల్ల ఉన్నయో ఎరుకేనా దామోదరన్నా? ఎవ్వలు అడగలె గద, నువ్వెందుకు తవ్వుతవ్?" అన్నాడు.

"నా బిడ్డ అడిగింది" అన్నాను.

ఆదివారం దబ్బనం, దారం, మైదా జిగురు పట్టుకొని ఉప్పల్‌లో మొదటి బస్సు ఎక్కుతాను. టీచరమ్మ ముందే పందొమ్మిదీ విప్పి కుడతాను. తప్పెవరిదో నేనే చెబుతాను. కుట్టేంతసేపు నువ్వు పక్కన నిలబడి ఆ కథ నాకు మొదటి నుంచి చెప్పాలి. ఆ పందొమ్మిది మందిలో పుస్తకం చదివింది నువ్వొక్కదానివే. నీ కాగితాన్ని మడిచి దబ్బనం మొనకు తొడిగాను, సంచి చిరగకుండా.

కుప్పలు తారుమారైన రోజు సంగతి నా డైరీలో వెతికాను. చివరి వాక్యం సగంలోనే ఆపేశాను, ఉన్నంత వరకు రాస్తున్నాను.

14-6-2006. ముసురు. త్రివేణిని హాస్టల్‌లో దింపి వచ్చాను. గేటు దాటాక బిడ్డ వెనక్కి తిరిగి చూడలేదు. మధ్యాహ్నం డ్యూటీ. ఇంగ్లీషు నవల ఫారాలు పేర్చడం. ఐదో కుప్ప పక్కన