భోజనాల గదిలో కాక్‌పిట్

పిడుగూ,

నీ ఉత్తరం పక్కింటావిడ చదివి పెట్టింది. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయానని ఆవిడతో అబద్ధం చెప్పాను. సిమ్యులేటర్ పరీక్ష తప్పాననీ, గురువారం మళ్ళీ అవకాశమిచ్చినా వెళ్ళననీ, పైలట్‌గా పనికిరాననీ తేల్చేశావు. ఇంత చప్పున తీర్పులు చెప్పేదానివి లా చదవాల్సింది.

టేకాఫ్‌కు ముందు చెక్‌లిస్ట్ చదువుతూ నువ్వు "ఫ్లాప్స్?" అని, రెక్కల వెనక రేకులు ఎంత దించారో అడిగావు. పక్క సీట్లోని ఇన్‌స్ట్రక్టర్ "ఐదు" అన్నాడు. వాటి మీట సున్నా దగ్గరే ఉంది. నిన్ను పరీక్షించడానికే తప్పు చెప్పాడు. నువ్వు మీటవైపు చూడకుండానే తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయావు. తెరమీది విమానం రన్‌వే దాటి కంచెలో పడింది.

ఆ అలవాటు నేను చేసిందే. సెలవుల్లో మన భోజనాల గది గోడకు కాక్‌పిట్ బొమ్మ అంటించి, రెండు కుర్చీలు వేసి, నన్ను కెప్టెన్‌ని చేశావు. నువ్వడిగిన ప్రతిదీ నేను బొమ్మలో చూసి, వేలు పెట్టి చెప్పాలి. నేను టకటకా చెప్పేదాన్ని. "అమ్మమ్మా, మా సీనియర్లకంటే నువ్వే నయం!" అని మురిసిపోయావు. ఆ గోడమీద నాకేమీ కనపడేది కాదే. ఎనిమిది నెలలుగా కళ్ళముందు పాలు ఒలికినట్టుంది. జవాబులన్నీ బట్టీపట్టి ఒప్పజెప్పాను. బట్టీపట్టొద్దని ముప్పయ్యేళ్ళు పిల్లల్ని తిట్టిన హెడ్‌మిస్ట్రెస్‌ని! శుక్లాల ఆపరేషనంటే భయమని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. నువ్వేమో నా గొంతును నమ్మి చూడటం మానేశావు.

గురువారం వెళ్ళు. ఇంత పెద్ద అక్షరాలు ప్రేమకొద్దీ రాశాననుకునేవు.

నీ అమ్మమ్మ

*

పిడుగూ,

పాసయ్యావని మీ అమ్మ చెప్పింది. ఈసారి ఇన్‌స్ట్రక్టర్ నిజమే చెప్పినా, మీట చూసేదాకా నువ్వు కదల్లేదట.

"నామీద నమ్మకం లేదా?" అని ఆయన గద్దిస్తే, "ఉంది సార్, అయినా చూస్తాను" అన్నావట. బాగుంది. కానీ నా సంగతి మీ అమ్మ చెవిన ఎందుకు వేశావు? కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేదాకా నిద్రపోలేదు మనిషి.

అక్కడ నాకంటే ముందు ఒకాయన గోడమీది అక్షరాలన్నీ పెద్దగా చదివాడు. కింది వరుసతో సహా నాకు నోటికొచ్చేశాయి. నా వంతు వచ్చింది. డాక్టరమ్మ కర్రతో చూపించి, "ఇక్కడేముంది, మేడం?" అంది. 

"గోడ" అన్నాను.

ఆపరేషన్ సోమవారం.

నీ అమ్మమ్మ