పనసగుడ పేర్లు రాసుకోవడానికి ఒక మనిషి కావాలి

అరకు సంత,
విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ,
1928 ఫిబ్రవరి.

కొత్త విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చరిత్ర పాఠము నిమిత్తము ఒక మనిషిని, ఒక పుస్తకమును, ఒక సిరాబుడ్డిని అరకు సంతకు పంపించుట గురించి.

ఇందుమూలముగా సకల జనులకు చాటించునది యేమనగా, అరకు శుక్రవారపు సంతలో ఉప్పు బస్తా మీద ఏ కుక్కయు పడుకొనరాదు. పడుకొన్నచో లేపరాదు. లేపినవారిని అది కరిచినచో వర్తకుడు పూచీ కాడు. మరియు ఎండు నెత్తళ్ళ చేపలను ముట్టి చూడవచ్చును గాని వాసన చూసి మొహం ముడుచుకొనరాదు.

ఈ చాటింపు వేసినది నేనే. ప్రతి సంతకూ ఇలాంటిది ఒకటి వేస్తాను. గవర్నమెంటు చాటింపుల కన్న నావే జనం ఎక్కువ వింటారు. తమరికి ఇదంతా ఎందుకంటే, నా కోతలు విని ఒక మనిషి నిజంగా నమ్మింది. ఆ సంగతి దిగువన విన్నవించుకొనుచున్నాను.

1. నేను శృంగవరపుకోట నుంచి ఎడ్ల మీద ఉప్పు, ఎండుచేపలు కొండదారిన ఘాటీ ఎక్కించి అమ్ముకొను వర్తకుడను. నాలుగో తరగతి నేను పూర్తి చేశాను. ఐదోది నన్ను పూర్తి చేయబోతే పారిపోయాను. సరుకు చుట్టడానికి తెచ్చుకునే పాత పత్రికలను చుట్టేముందు చుట్టూ చేరినవారికి చదివి వినిపించడం నాకు అలవాటు. ఉన్నది సగం చదువుతాను. మిగతా సగం నా సొంతం.

2. మొన్న దసరా వెళ్ళిన వారం అలాంటి ఒక పత్రికలో తమ విశ్వవిద్యాలయపు సంగతి కనబడినది. ఆంధ్రదేశమంతటికీ ఒక పెద్ద బడి వెలసినదనియు, అది ఏ పట్టణములో ఉండవలెనో పెద్దలు ఇంకా తగువులాడుకొనుచున్నారనియు, చరిత్ర, గణితము, తర్కము మొదలగునవి చదివి పట్టాలు పుచ్చుకొనవచ్చుననియు ఉన్నది. ఇంతవరకు అచ్చులో ఉన్న మాట. ఆపైన నాలిక ఊరుకోలేదు. చరిత్ర సారు ఒకరు కొండకు వస్తారనీ, పోయిన ఊళ్ళ సంగతులు తెలిసినవారు చెబితే పెద్ద పుస్తకంలో ఎక్కిస్తారనీ కూడా చదివేశాను. అది ఏ పత్రికలోనూ లేదు. అందరూ నవ్వారు. యర్రమ్మ నవ్వలేదు.

3. సదరు యర్రమ్మ గదబ తెగ ముసలిది. పదేళ్ళ కిందట విషజ్వరం వచ్చిన ఏడు పనసగుడ అనే ఊరు ఊరంతా పోతే, మిగిలిన ఒక్క ప్రాణి. వాళ్ళలో పోయినవాళ్ళకు రాయి నిలబెట్టాలి. అది నిలబెట్టడానికి అయినవాళ్ళు ఉండాలి. ఆమెకు లేరు. పక్క ఊళ్ళో ఎవరి చూరు కిందో ఉండి, సామలు దంచిపెట్టి బతుకుతోంది. రాయి ఎలాగూ లేదు, పేర్లయినా ఎక్కడో ఒకచోట నిలవాలని ఆమె తాపత్రయం.

“సావుకారీ, నిజింగా రాత్తారా?” అంది.

“రాస్తారు. సిరాతో.”

“ముప్పయ్యేడు పేర్లు. పుత్తకం సాల్తాదా?”

“పెద్ద బడి. పెద్ద పుస్తకమే ఉంటుంది.”

ఇక్కడ పేరు రాయించుకోవడమంటే ఘాటీ రోడ్డు మీద వెట్టికి పోవడమేనని తమరికి తెలియకపోవచ్చు. ఆమె ఉంటున్న ఊరిపెద్ద భీమన్న పక్కనే ఉప్పు కొంటున్నాడు.

“రాయించకే ముసిలీ. పేర్లు దొరికితే సచ్చినోల్లని కూడా రోడ్డు పనికి లేపుతారు” అన్నాడు.

“లేపనీ. ఒకపాలి సూసుకుంతాను” అంది.

4. సారు ఎప్పుడొస్తాడని అడిగింది. ఈ కొండల్లో పెళ్ళికైనా పండుగకైనా పిలుపు కాగితం మీద రాదు. తాడుకు ముడులు వేసి పంపుతారు. రోజుకొకటి విప్పుకుంటూ పోతే, ఆఖరి ముడి విప్పిన రోజు పండుగ. ముడిలో అబద్ధం ఉంటుందని ఇక్కడ పుట్టినవారెవరికీ తోచదు. నేను ఇక్కడ పుట్టలేదు. చేపల గంపకున్న తాడు తెంపి, ఏడు సంతలకు ఏడు ముడులు వేసి, పెద్ద బడి పంపించిందని చెప్పి ఆమె చేతిలో పెట్టాను.

5. ఏడో సంతకు పొద్దెక్కకముందే వచ్చి కూర్చుంది. తలకు నూనె రాసుకుని, ఉతికిన గుడ్డ కట్టుకుంది. గుడ్డ టోపీ పెట్టినవాడు కనబడితే లేచి నిలబడింది. సంత ఎత్తేశాక నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“తప్పు నాదే బాబూ. ఒక సంతకి ముడి ఇప్పడం మరిసిపోయుంతాను. సారు ఒచ్చి, నాను లేనని ఎల్లిపోయుంతాడు. మల్లీ ఏసియ్యి.”

మళ్ళీ వేశాను. అయ్యా, మొదటి తాడు తమాషాకు వేసినది. రెండోది పిరికితనంతో వేసినది.

6. పోనీ నేనే రాస్తానన్నాను. “నీ కాయితంలో సేపలు సుడతావు” అంది. పక్కన చింతపండు అమ్మే చిన్నమ్మి పడీపడీ నవ్వింది. నన్ను మాటతో పడగొట్టినవాళ్ళు ఈ సంతలో అంతకుముందు లేరు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

7. రెండో తాడు కూడా అయిపోయినది. అయినను యర్రమ్మ ప్రతి శుక్రవారము వచ్చి నా గంపల పక్కన కూర్చొనుచున్నది. ఒంట్లో కులాసాగానే యున్నది.

కాబట్టి నా ప్రార్థన ఏమనగా, పండితుడే రానక్కరలేదు. బంట్రోతైనా చాలును, కోటు తొడుక్కుని రావలెను. ఒక్క పూట కూర్చుని, ఆమె చెప్పినది చెప్పినట్టు రాసుకొనవలెను. తమ చరిత్ర పాఠములో రాజులు ఉందురని విన్నాను. పనసగుడలో రాజులు లేరు. పిల్లనగ్రోవి ఊదేవాడు ఒకడు ఉండేవాడట. బసకు, భోజనానికి నాది పూచీ.

ఈ మనవి చిత్తగించి, బీరువాలో పెట్టక, ఘాటీ ఎక్కించవలెనని వేడుకొనుచు,

విధేయుడనని జన్మలో మొదటిసారి నిజముగా రాసుకొనుచున్న,
కోరాడ వరహాలు,
ఉప్పు, ఎండుచేపల వర్తకుడు.

మరొక మనవి: పైన ఏడవ అంశము పచ్చి కల్పన. యర్రమ్మ కూర్చోవడం లేదు. పుష్యమాసంలో చలిజ్వరంతో పోయింది.

చివరిసారి ఇద్దరు పట్టుకుని సంతకు తీసుకొచ్చారు. రెండో తాడుకు ఇంకా మూడు ముడులు ఉన్నాయి. “సారు ఒచ్చేతలికి నానుండను. నువ్వే రాయి. మంచి కాయితం మీద రాయి” అంది. తెల్లకాగితం తెప్పించి, మధ్యాహ్నం నుంచి సంత ఎత్తేసేదాకా రాశాను. ఒక బిడ్డ పేరు పెట్టకముందే పోయిందట. ఏమని రాయమంటావంటే, అక్కడే పేరు పెట్టింది.

చచ్చిపోయిందని ముందే రాస్తే, మనిషే లేనప్పుడు ఇక పనేముందని తమరు కాగితం మడిచేస్తారని భయపడి, ఆమెను ఈ నాలుగు పుటలూ బతికించాను. పేర్ల కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. ఎవరైనా వచ్చి పట్టుకెళ్ళండి. ఆ బిడ్డతో కలిపి ముప్ఫై ఏడు ఆమె చెప్పినవి. ముప్ఫై ఎనిమిదోది ఆమె పోయాక నేను రాశాను.