మధ్యాహ్నం రెండింటి రీడింగు

భీమవరం,
23-5-2002.

చి. నాగశ్రీకి నాన్న ఆశీస్సులు. మీ అమ్మా నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. మంగుళూరులో నువ్వూ కులాసాగా ఉన్నావనుకుంటాను. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. పదింటికే తలుపులు మూసేస్తున్నాం.

నీ చదువు ప్రయోగం కోసం పెంచుతున్న బంగారు చేపల సంగతి అడిగావు. పెరట్లో ఎండ తొట్టెలోవి నలుపు పూర్తిగా విడిచి ఎర్రబడ్డాయి. నీడ తొట్టెలోవి ఇంకా నల్లగానే ఉన్నాయి. అన్నీ ఒకే తల్లి పిల్లలు. జన్యువులు ఒకటే అయినా, నీళ్ళ వేడిని బట్టి వాటిలో ఏది పనిచేస్తుందో, ఏది ఊరుకుంటుందో మారుతుందని, రంగు తేడా అందుకేనని నువ్వు రాసినప్పుడు సగమే అర్థమైంది. కళ్ళారా చూశాక నమ్మాను. ఇరవై ఏళ్ళుగా చేపల చెరువులు చేస్తున్నా నాకీ సంగతి తెలియదు.

పన్నెండో తారీఖు నుంచి ఎండ తొట్టె రోజూ ముప్పై నాలుగు డిగ్రీలే ఎలా ఉందని కూడా అడిగావు. ఫోన్లో అడిగినప్పుడు మాట దాటేశాను. అవి నేను గదిలో కూర్చుని రాసిన అంకెలమ్మా. కొట్టెయ్యి.

రోజూ తొట్టెల్లో థర్మామీటరు చూసే మన పనివాడు చంద్రరావు ఊరెళ్ళాడని చెప్పాను. అబద్ధం. పదకొండున తొట్టె పక్కనే వడదెబ్బకు పడిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. నీ చదువు చెడుతుందని దాచానని మీ అమ్మతో అన్నాను. అసలు కారణం అది కాదు.

ఆ మధ్యాహ్నం గుమ్మం దగ్గరకొచ్చి, "తల తిరుగుతుందండి రాజుగారూ. ఇయ్యాల్టికి మానేద్దామండి" అన్నాడు. కూలర్ ముందు పడుకున్న నేను లేవకుండానే, "అమ్మాయి రెండింటికే చూడమంది. ఒక్కరోజు తప్పినా లెక్క పాడవుద్ది, వెళ్ళు" అన్నాను. తువ్వాలు తలకు చుట్టుకుని వెళ్ళాడు. నాకు ఒళ్ళు వంగక అతన్ని పంపాను. తప్పు నాది, నీది కాదు తల్లీ.

వద్దన్నా వినకుండా వెళ్ళాడని ఊరందరికీ చెప్పాను. అతని భార్య తలుపులమ్మ కూడా నమ్మింది. నిన్న వచ్చి, "ఆయన చేసే పని ఆగకూడదండి. నాకూ అంకెలొచ్చండి. రేపట్నుంచి రెండింటికి నేను చూస్తానండి" అంది. వద్దంటే ఎందుకో చెప్పాలి. సరేనని తల ఊపాను. సిగ్గుతో చచ్చిపోయాను.

రెండు కావస్తోంది. తలుపులమ్మ కొంగు నెత్తిన కప్పుకుని గేటు తీస్తోంది. నీకు రాసిన మాటే ఆమెకు చెప్పడానికి వెళ్తున్నాను.

ఇట్లు,
మీ నాన్న,
వెంకటపతిరాజు