మధు చాచిన సగం బజ్జీ

రాజమండ్రి,
ఆదివారం.

పూజ్యులైన అత్తయ్యగారికి, అల్లుడు లక్ష్మీనరసింహం నమస్కరించి రాయునది.

ఇక్కడ నేనూ పిల్లలూ క్షేమం. మీరూ మామయ్యగారూ క్షేమమని తలుస్తాను. 'ముగ్గురం' అని రాయడానికి నాకు ఇంకా చెయ్యి తిరగలేదు.

ఫోన్లో మాట మీకు సరిగా వినిపించదు. నాకు గట్టిగా మాట్లాడటం రాదు. మనిద్దరికీ ఉత్తరమే హాయి. మామయ్యగారి మోకాళ్లకు మీరు ఉత్తరంలో చెప్పిన నూనె కొన్నాను. మా ఆఫీసు వాళ్లెవరైనా పాలకొల్లు వస్తే పంపుతాను. విష్ణు ఎనిమిదో తరగతి పరీక్షలు బాగా రాశాడు. మధులతకు ముందు పన్ను ఊడింది. దాచమంటే అగ్గిపెట్టెలో పెట్టాను. మీ అమ్మాయి పదో మాసికం గురువారం పెట్టాను. వాన రాలేదు, అన్నీ సవ్యంగా జరిగాయి.

పిల్లల్ని జూన్ నుంచి మీ దగ్గర ఉంచి చదివిస్తామని రాశారు. "మీరు ఆఫీసుకి వెళ్లాక వాళ్ల ఆకలి ఎవరు చూస్తారు నాయనా" అన్నారు. నేను తప్పుగా అనుకోలేదు. దానికి జవాబు రాయడానికే కూర్చున్నాను. ముందు మీరు పంపిన కంద సంగతి చెప్పాలి. ఎలా ఉందని అడిగారు కదా.

కంద చాలా బాగుంది. వండినవాడితోనే ఇబ్బంది. నిన్న కంద బచ్చలి చేశాను. మీరు రాసిన కాగితం ఎదురుగా పెట్టుకుని ఆవ నూరాను, పోపు వేశాను. చింతపండు పులుసు మాత్రం గట్టు మీద గిన్నెలోనే ఉండిపోయింది. కూర దించాక చూసుకుని పైన పోసి కలిపేశాను. దాని ఫలితం మీకు నేను చెప్పక్కర్లేదు. సాయంత్రం పెందలాడే పిల్లలకు వడ్డించాను.

"నాన్నా, గొంతులో గొంగళిపురుగు పాకుతోంది," అన్నాడు విష్ణు.

"నాకు రెండు," అంది మధు.

నేనూ ఒక ముక్క నోట్లో వేసుకుని చూశాను. వాళ్లు చెప్పింది నిజమే. గిన్నె మూతపెట్టి, ఇద్దర్నీ స్కూటరెక్కించుకుని గోదావరి గట్టుకు వెళ్లాను. అక్కడ సాయంత్రాలు తినుబండారాల బళ్లు వరసగా పెడతారు. మీ అమ్మాయి నెలకోసారి పిల్లల్ని తీసుకెళ్లేది. నేను ఎప్పుడూ స్కూటర్ దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

వాళ్లు ఎప్పుడూ తినే బండి లోవలక్ష్మిది. తుని వైపు మనిషి. ఆవిడ బజ్జీలు వేస్తుంది, భర్త త్రిమూర్తులు పక్క పొయ్యి మీద దిబ్బరొట్టెలు కాలుస్తాడు.

"ఏంటండి బాబుగారూ, ముగ్గురూ గొంతులు గోక్కుంటన్నారు?" అంది.

"కంద తిన్నామండి."

"చింతపండు ఎయ్యలేదాండి?"

"వేశానండి. దించాక."

ఆవిడ జల్లిగరిటె బాణలి అంచుకు కొట్టి మరీ నవ్వింది. "ఏవండోయ్, విన్నారా! ఈయనగారు కూర దించేశాక చింతపండేశారంట!"

"ఊరుకోవే. మొన్న నువ్వు పిండిలో ఉప్పు మర్చిపోలేదేంటి?" అన్నాడు త్రిమూర్తులు.

"ఉప్పు మర్చిపోతే చప్పగుంటదండి. దురదెట్టదు కదండి!"

బండి చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆవిడ తలో గ్లాసు చింతపండు నీళ్లిచ్చి పుక్కిలించమంది. గొంతులు కాస్త నెమ్మదించాయి. అప్పుడు మధు, "నాకు పుణుగులు. అల్లప్పచ్చడి ఎక్కువ. తర్వాత మిరపకాయ బజ్జీ, ఉల్లిపాయలు కూరి. తర్వాత దిబ్బరొట్టె," అంది ఒక్క గుక్కలో.

"నీ పొట్ట ఎంతుందే?" అన్నాడు విష్ణు.

"నీ నోరంత లేదులే."

ఈ పది నెలల్లో పిల్లలిద్దరూ ఫలానాది కావాలని నన్ను అడగలేదు. ఏం వండమంటారని అడిగితే "ఏదైనా సరే నాన్నా" అనేవారు. పెట్టింది తిని లేచేవారు.

సంవత్సరీకాలు అయ్యేవరకు కర్మ చేసేవాడు బయట తిండి ముట్టకూడదని మీరు చెప్పింది నాకు గుర్తుంది. నీళ్ల సీసా పట్టుకుని మధు పక్కన నిలబడ్డాను. మధు మిరపకాయ బజ్జీ సగం కొరికింది. కారం నెత్తికెక్కింది. తల తిప్పకుండానే మిగతా సగం కుడిపక్కకు చాచింది. అటువైపు ఎప్పుడూ వాళ్లమ్మ నిలబడేది. మధు కొరికి వదిలినవన్నీ ఆవిడే తినేది. నిన్న అక్కడ నేనున్నాను. సగం బజ్జీ నా చేతిలో పడింది.

"మధూ! నాన్న ఎంగిలి తినరే!" అన్నాడు విష్ణు.

మధు తిరిగి చూసింది. ముఖం చిన్నబోయింది. "మర్చిపోయాను నాన్నా," అని వెనక్కి తీసుకోబోయింది.

నేను ఎవరి ఎంగిలీ ఎరగను. మీ అమ్మాయిది కూడా. దాని మీద ఆవిడ నన్ను పద్నాలుగేళ్లు ఆటపట్టించింది. మీకూ తెలుసు.

బజ్జీ తినేశాను. కళ్ల వెంట నీళ్లు కారాయి. కారానికే అన్నాను. విష్ణు కాసేపు నన్నే చూశాడు. తర్వాత తను కొరికిన బజ్జీ కూడా నా చేతిలో పెట్టి, "దీనికెంత ఏడుస్తారో చూద్దాం," అన్నాడు. మధు పన్ను లేని సందులోంచి పుణుగు ముక్క ఎగిరిపడేలా నవ్వింది. ఆ తర్వాత ఎవరి ప్లేటు ఎవరిదో తెలియలేదు. ఒకటే దిబ్బరొట్టె ముగ్గురం తుంచుకుని పానకంలో ముంచుకుని తిన్నాం. చాలక ఇంకొకటి చెప్పాం.

కనుక నియమం తప్పాను. బయట తిన్నాను, నిలబడి తిన్నాను, ఎంగిలి తిన్నాను. పురోహితుణ్ణి అడగలేదు. మీకు చెప్పుకుంటే చాలనిపించింది.

మీకు చెప్పవలసింది ఇంకా ఉంది. పిల్లలతో కలిసే భోంచేస్తున్నానని ప్రతి ఉత్తరంలోనూ రాశాను. అది అబద్ధం. పిల్లలకు వడ్డించి, వాళ్లు లేచాక వంటింట్లో ఒక్కణ్ణే తినేవాణ్ణి. వాళ్లెదురుగా కూర్చుంటే ఆవిడ పీట కనిపిస్తుంది. నాకు చేతకాలేదు. నేను అలా ఉంటే పిల్లలు మాత్రం నోరు తెరిచి ఏం అడుగుతారు? మీ దగ్గరైతే తింటారనుకున్నాను. మీ ఉత్తరం అందిన రోజే ఇద్దరి టీసీలకూ అర్జీ పెట్టాను. పిల్లలకు చెప్పలేదు.

రేపు స్కూలుకు వెళ్లి ఆ అర్జీ వెనక్కి తీసుకుంటాను. పిల్లల్ని పంపనండి. మీ మాట కాదనడం ఇదే మొదటిసారి. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. మీ అమ్మాయి మీకు మిగిల్చింది వాళ్లిద్దర్నే. నాకూ వాళ్లే. ఈ సెలవుల్లో నెల్లాళ్లు మీ దగ్గర ఉంటారు. నేనే తీసుకొస్తాను. అప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి తిట్టండి.

మధు వచ్చి "ఆకలేస్తోంది నాన్నా" అంటోంది. ఈ ఇంట్లో ఆ మాట విని చాలాకాలమైంది. విష్ణు కంచాలు పెడుతున్నాడు. మూడు పెట్టాడు. ముగిస్తాను.

ఇట్లు,
మీ అల్లుడు,
లక్ష్మీనరసింహం.