గడియ వెనక ఆకుపచ్చ

1వ తేదీ, ఆదివారం. ఉదయం 6.30
మామగారి ఫోను. పద్నాలుగున వస్తారట, వారం ఉంటారట. పెట్టేసే ముందు ఒకే ఒక్క ప్రశ్న: "గేటు బాగుందా అల్లుడూ?"

ఆ గేటు ఆయన చేసిందే. జీవితమంతా వెల్డింగు పని చేసిన మనిషి. మేం ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఒక్కో ఊచా ఆయనే కోసి, అతికించి, నిలబెట్టి ఇచ్చారు. "జాగ్రత్తగా చూసుకో" అన్నారు. గేటునో, కూతుర్నో అప్పుడు అడగలేదు. ఇప్పుడా గేటు ముట్టుకుంటే అరచెయ్యి ఎర్రబడుతోంది.

"బ్రహ్మాండంగా ఉంది మామయ్యా" అనేశాను.

"పెయింటర్ని పిలుద్దామండీ" అంది మా ఆవిడ. ససేమిరా అన్నాను. పన్నెండు రోజులు చాలు, నేనే వేస్తా. ఇదే నా శపథం!

సాయంత్రం 5.00
కొన్నవి: వైరు బ్రష్షులు మూడు. ఉప్పుకాగితం మూడు రకాలు. రంగుకి ముందు పూసే ఎర్రటి రెడాక్సైడు ప్రైమరు. ఆకుపచ్చ రంగు. టర్పెంటైను. కళ్ళద్దాలు. టోపీ.
టోపీ నాకు బాగా నప్పింది.

2వ తేదీ. ఉదయం 7.45
ఆఫీసుకి ముందు గంటసేపు గీకాను. హాయిగా ఉంది! మనిషన్నవాడు చేత్తో పని చెయ్యాలి.

షాపతను నిన్న ఓ మాట అన్నాడు: "గీకినరోజే ప్రైమరు పడాలి సార్. ఉత్త ఇనుము గాలికి వదిలెయ్యకండి." పాపం, అతనికేం తెలుసు. నా పద్ధతి వేరు. ముందు మొత్తం గీకుడు. తర్వాత మొత్తం ప్రైమరు. ఆ తర్వాత మొత్తం రంగు. పనన్నాక ఒక వరస ఉండాలి.

5వ తేదీ. సాయంత్రం 6.00
ఇరవై ఎనిమిది ఊచలూ అయిపోయాయి!! తళతళా మెరుస్తున్నాయి. కుర్చీ బయట వేసుకుని, గేటుని చూస్తూ కాఫీ తాగాను. ఎదురింటాయన ఆగి "కొత్త గేటా?" అన్నాడు. కాదని అనలేదు.

గడియ వెనక చెయ్యి పట్టలేదు. అక్కడెవరు చూస్తారు, వదిలేశాను.
ప్రైమరు రేపు.

6వ తేదీ
చెయ్యి లేవడం లేదు. మా ఆవిడ భుజానికి మందు రాసింది. మందు సీసా పక్కన పెయింటరు నంబరు పెట్టి వెళ్ళింది.
ప్రైమరు రేపు.

7వ తేదీ
చినుకులు. తడి ఇనుము మీద ప్రైమరు పట్టదు. ఇది నేను చెప్పేది కాదు, డబ్బా మీదే రాసుంది.

8వ తేదీ, ఆదివారం. సాయంత్రం 5.10
పొద్దున్నే ఎండ కాసింది. భోజనం చేసి మొదలుపెడదామని కాస్త నడుం వాల్చాను. ఇప్పుడే లేచాను. రేపు, తప్పకుండా.

9వ తేదీ. ఉదయం 7.00
కళ్ళు తేలేశాను.
గేటంతా తుప్పు! ఇదివరకు మచ్చలు మచ్చలుగా ఉండేది. ఇప్పుడు పైనుంచి కిందిదాకా, సమంగా, ఎక్కడా ఖాళీ లేకుండా. ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ ఏ పనీ చెయ్యలేదు.

7.20
ఎదురింటాయన: "ప్రైమరు వేసేశారన్నమాట! చక్కగా వచ్చింది."
థాంక్స్ చెప్పాను.

11వ తేదీ
మళ్ళీ గీకుడు. మూడు ఊచలకే తలప్రాణం తోకకొచ్చింది.

"గేటుకి దుప్పటి కప్పేద్దాం నాన్నా" అంది అమ్మాయి. నవ్వి ఊరుకున్నాను. తర్వాత వెళ్ళి బీరువాలో వెతికాను. అంత పెద్ద దుప్పటి లేదు.

13వ తేదీ
పరువు పక్కన పెట్టి పెయింటర్ని పిలిచాను. "పదిరోజుల ముందు చెప్పాలి సార్, చేతినిండా పనులున్నాయి" అన్నాడు.
పదిరోజుల క్రితం నేను టోపీ పెట్టుకుని ఉన్నాను.

14వ తేదీ. ఉదయం 9.00
మామగారు దిగారు. లోపలికి రాలేదు. సంచి కింద పెట్టి, ఊచ మీద వేలితో రుద్దారు. వేలు ఎర్రబడింది.

ఇక దాచి లాభం లేదు. "మామయ్యా, ఆరోజు ఫోన్లో అబద్ధం చెప్పాను. గేటు అప్పుడే పాడైంది. బాగుచెయ్యబోయి ఇంకా పాడుచేశాను."

ఆయన వినిపించుకోలేదు. గడియ పక్కకి జరిపి, వంగి చూస్తున్నారు. అక్కడ అరచేతంత మేర పాత ఆకుపచ్చ రంగు అలాగే ఉంది.

"ఇది మీ అత్తయ్య వేసిన రంగు" అన్నారు.

అత్తగారు పోయి నాలుగేళ్ళు.

"మా పెరట్లో నేను అతికించి వదిలేశాను. రంగు వేసే ఓపిక నాకెక్కడిది! తనే రోజుకో ఊచ గీకేది, దానికి అప్పుడే ప్రైమరు పూసేది. మర్నాడు దానికి రంగు, పక్క ఊచకి గీకుడు. నెల పట్టింది. నేను ఎంత నవ్వానో."

కళ్ళు తుడుచుకున్నారు. వేలికున్న తుప్పంతా ముక్కు మీదికి వచ్చింది. మేమెవరం చెప్పలేదు.

"మిగతాదంతా నేను గీకేశాను మామయ్యా" అన్నాను. ఎవరి చేతి పనో తెలుసుకోకుండా, టోపీ పెట్టుకుని మరీ గీకాను.

"తుప్పు పట్టాక గీకాల్సిందేగా. ఇక్కడ గట్టిగానే ఉంది, ఇక్కడ మాత్రం చెయ్యి పెట్టకు."

15వ తేదీ. ఉదయం 6.30
కొత్త శపథం. రోజుకి ఒకే ఒక్క ఊచ. గీకిన వెంటనే ప్రైమరు. గడియ వెనక ముట్టుకోను.

మామగారు నా కుర్చీలో కూర్చున్నారు, నా టోపీ పెట్టుకుని. ఊచలన్నీ లెక్కపెట్టి, "నెల పడుతుంది. అయ్యేదాకా ఉంటాలే" అన్నారు. మా ఆవిడ గబుక్కున లోపలికి వెళ్ళిపోయింది. వచ్చేసరికి దాని కళ్ళు తడిగా ఉన్నాయి, చేతిలో రెండో కుర్చీ ఉంది.

7.15
మొదటి ఊచ అయింది. ప్రైమరు కూడా! ఊపు మీదున్నాను. ఇంకొకటి కానిచ్చేద్దామని బ్రష్షు తీశాను.

"రేపు" అన్నారు మామగారు.