రూతమ్మ మూత తీసింది

శుక్రవారం, రాత్రి

దేవుడికి వేల స్తోత్రాలు. ఈ వయసులో ఆయనిచ్చిన నా నాలుగేళ్ల రూతమ్మ ఈ రోజు సీసా మూత తనే తిప్పి, చుక్క ఒలక్కుండా గ్లాసులో నీళ్లు పోసి నాకిచ్చింది. బళ్లో టీచరమ్మ అన్నీ పిల్లల చేతులతోనే చేయిస్తుందంట. ఆనందం పట్టలేక వీధంతా చెప్పొచ్చాను.

"ఇంకేం మూతలు తీశావే బంగారం?" అన్నాను ముద్దు చేస్తూ.

"మంచం కింద సీసాది తీశా నాన్నా. కంపు. మళ్లీ పెట్టేశా."

అది మిరపకి కొట్టే పురుగుమందు. నోట్లో పెట్టుకోలేదంది. చేతులు సబ్బుతో రుద్ది కడిగాను. మందు కొట్టంలో పెట్టి తాళం వేశాను.

సాయంత్రం నీళ్లు పోసిన సంగతి చెబితే పక్కింటి ఏసోబు నవ్వుతూ, "మావాడూ అంతే బాబాయ్, ఇంట్లో ఒక్క మూత ఉండనివ్వడు" అన్నాడు. వాళ్ల మందు కూడా మంచం కిందే ఉంటుంది. వాళ్లు పడుకున్నా సరే, ఇప్పుడే పోయి తలుపు కొట్టాలి...