ఛైర్మన్ గారి వీపు

చిరంజీవి మరదలికి,

మీ అక్కా నేనూ బాగానే ఉన్నాం, నా కుర్చీ ఒక్కటే బాగాలేదు. కొత్తది కావాలని అర్జీ పెట్టి ఏళ్లు గడిచాయి. విరిగిన కాలి కింద పాత చట్టాల పుస్తకం ఆనించి, మునిసిపల్ కార్యదర్శి హోదా కింద పడకుండా కాపాడుకొస్తున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, మా కొత్త ఛైర్మన్ గారు పనిలో చేరారు గానీ పదవీ స్వీకార వేడుక ఇంకా మిగిలింది. అది పూర్వపు రాజుల పట్టాభిషేకంలా జరగాలట. మా మరదలు ఈ ఊరి రాజుల చట్టాల మీదే పరిశోధన చేస్తోందని గొప్పలకు పోయి చెప్పాను. గొడుగు, వింజామర, బూరలు ఏ వరుసలో రావాలో రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ బావ

తా.క. కిరీటం అట్టతో చేయిస్తే నీ చట్టం ఒప్పుకుంటుందా?

*

బావగారికి నమస్కారాలు.

గొడుగూ బూరలూ ఉన్నాయి గానీ అవి చివర్లో. ముందు వీపు. గద్దె ఎక్కే ముందు రాజు చెప్పులు విడిచి నేల మీద నిలబడాలి. అర్జీ పెట్టుకుని జవాబు రాని మనిషి ఒకరు ముందుకొచ్చి, రాజు వీపు మీద బెత్తంతో ఒక్క దెబ్బ వేయాలి. చట్టం రాజుకూ ఉందని దానర్థం. ఆ తర్వాతే కిరీటం.

మా ప్రొఫెసర్ గారు మాత్రం నమ్మడం లేదు. దెబ్బ తిన్న రాజు పేరు ఒక్కటి చూపించు, లేదా ఆ అధ్యాయం తీసెయ్, లేకపోతే డాక్టరేట్ రాదు అంటున్నారు. నేను వెతకని చోటు లేదు. ఒక్క రాజూ తిన్నట్టు లేదు. అయినా అధ్యాయం తీయను.

మీ మరదలు

తా.క. కిరీటం అట్టదైనా ఫరవాలేదు. బెత్తం మాత్రం అసలుదే ఉండాలి.

*

మరదలికి,

నీ ఉత్తరం పట్టుకుని ఛైర్మన్ గారి గదిలోకి వెళ్లాను. బెత్తం, అర్జీదారు, వీపు అనే దాకా ధైర్యంగా చెప్పాను. ఎవరి వీపో చెప్పాల్సిన చోట నీళ్లు నమిలాను. ఆయన అర్జీదారుల వీపు అనుకున్నారు. రోజూ గుమ్మంలో కూర్చుని ప్రాణం తీసేవాళ్లకు తగిన శాస్తి అని మురిసిపోయి, అర్జీ తేలని ప్రతి ఒక్కరూ బెత్తం కార్యక్రమానికి తప్పక రావాలని ఊళ్లో గోడలన్నిటికీ నోటీసు అంటింపించారు.

ఆ బెత్తాన్ని కాస్త మెత్తబరిచి, అది పూలకొమ్మ అని రాసి పంపు తల్లీ. నా ఉద్యోగం నీ చేతిలో ఉంది.

మీ బావ

తా.క. నోటీసు కింద సంతకం నాది.

*

బావగారికి,

మెత్తబరచను. ప్రొఫెసర్ గారికి భయపడి తీయనిది మీ ఛైర్మన్‌కి భయపడి తీస్తానా? డాక్టరేట్ రాకపోతే మానె. మీ ఊళ్లో జనం ముందు రాజు తల వంచాలని చెప్పే ముక్క అదొక్కటే. దాన్నీ కొట్టేస్తే రాజులు గొడుగుల కింద ఊరేగారన్న సంగతి తప్ప ఏం మిగులుతుంది?

పాత చట్టం నకలు, అర్థంతో సహా, మీ ఊరి పత్రికకు పంపాను. ఎవరి వీపో మీరు చెప్పలేకపోతే వాళ్లు చెబుతారు. నా మీద కోపం వస్తే రానివ్వండి.

మీ మరదలు

తా.క. అక్కను బెత్తం దరిదాపులకు రానివ్వకండి. కుళాయి గురించి తను పెట్టిన అర్జీ ఇంకా తేలలేదు.

*

చిరంజీవి మరదలికి,

కొంప ముంచావు. పత్రికలో పడిన పొద్దున్నే ఆఫీసు ముందు జనం వరుస కట్టారు. ఎవరి బెత్తం వాళ్లే తెచ్చుకున్నారు. వేడుక ఆపేద్దామంటే గోడలన్నిటి మీదా నోటీసు ఉంది. ఛైర్మన్ గారు కిటికీలోంచి ఒకసారి చూసి, అర్జీల కట్టలన్నీ తెమ్మన్నారు. ఇక ఆయనకు తిండీ నిద్రా లేవు. కాలువలు తీయించారు, వీధి దీపాలు వెలిగించారు. మీ అక్క కుళాయిలో నీళ్లొచ్చాయి. వేడుక నాటికి హాలు నిండా జనం ఉన్నారు గానీ, బెత్తం పట్టే అర్హత ఎవరికీ మిగల్లేదు.

అప్పుడు నాకు వెలిగింది. నీ రాజులూ ఇదే చేసి ఉంటారు. దెబ్బ తిన్నవాడు దొరకలేదంటే ఆచారం లేదని కాదు, అది బ్రహ్మాండంగా పని చేసిందని. మీ ప్రొఫెసర్ గారికి ఈ మాట నా పేరు చెప్పి మరీ చెప్పు.

ఛైర్మన్ గారు చెప్పులు విడిచి నిలబడి, "ఇంకెవరైనా ఉన్నారా?" అని నవ్వారు. ఆ నవ్వు లేకపోతే నేను కదిలేవాణ్ని కాదు. ఉద్యోగమంతా ఊరివాళ్ల అర్జీలు మోశాను. నాదీ ఒకటి ఉందని ఎవరికీ గుర్తు రాలేదు. వెళ్లి బెత్తం అందుకున్నాను.

"ఒకటుందండి," అన్నాను. "కుర్చీ."

ఒక్కటే దెబ్బ. తర్వాత అట్ట కిరీటం కూడా నేనే పెట్టాను. రాజు కాదు గానీ, నీకొక పేరు దొరికింది. ఆ అధ్యాయంలో రాసుకో.

మీ బావ

తా.క. ఈ ఉత్తరం కొత్త కుర్చీలో కూర్చుని, హాయిగా వెనక్కి వాలి రాస్తున్నాను. ఛైర్మన్ గారు మాత్రం ఇంకా వాలడం లేదు.